మెరీనా బే శాండ్స్‌లో అమ్మానాన్నలతో ఎన్ని రాత్రులు? ఏ వైపు గది, ఏ అంతస్తు అడగాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: విశాఖ నుంచి మీ దంపతులు, అమ్మానాన్నలు కలిసి నలుగురు ఐదు రోజులకి సింగపూర్ వెళ్తున్నారు. అందులో రెండు రాత్రులు మెరీనా బే శాండ్స్‌లో ఉండాలని కోరిక. ఎంత పై అంతస్తు దొరికితే అంత మంచిదా, డిపాజిట్ కింద డబ్బు ఎలా పట్టుకుంటారు, అమ్మగారికి మోకాళ్ల నొప్పి, ఎత్తంటే బెరుకు కదా, ఈ హోటల్ సరిపడుతుందా, అంత ఎత్తులో మంటలొస్తే ఎలా అని.

సూటిగా చెప్తాను. రెండు రాత్రులు వద్దు, ఒక్కటి చాలు. అది కూడా దిగిన రోజు కాదు, రెండో రోజో మూడో రోజో పెట్టుకోండి. పై అంతస్తు కోసం అదనంగా డబ్బు పెట్టకండి, ఇరవై నుంచి ముప్ఫై అయిదు మధ్య ఏది ఇచ్చినా హాయిగా తీసుకోండి. గది ఏ వైపు చూస్తుందన్నది మాత్రం బుకింగ్‌లోనే ఖాయం చేసుకోండి. కౌంటర్‌లో క్రెడిట్ కార్డే ఇవ్వండి. మీ నలుగురిలో ఒక్కరు కూడా స్విమ్మింగ్ పూల్‌లో దిగే ఉద్దేశంలో లేకపోతే అక్కడ గది తీసుకోవాల్సిన పనే లేదు. పైన చూడ్డానికి ఎవరైనా టికెట్ కొనుక్కుని వెళ్లే అబ్జర్వేషన్ డెక్ ఉంది, దానికి గది అద్దెతో పోలిస్తే చాలా తక్కువ అవుతుంది.

ఎందుకంటే ఈ హోటల్‌లో మీరు కొనేది మంచం, పరుపు కాదు. 2010లో తెరిచిన ఈ హోటల్‌కి 55 అంతస్తుల టవర్లు మూడు. వాటి నెత్తిన 340 మీటర్ల పొడవున పడవలా పరిచిన స్కైపార్క్, దాని మీద 57వ అంతస్తులో దాదాపు 150 మీటర్ల పూల్. ఆ పూల్‌లోకి హోటల్‌లో దిగినవాళ్లకి తప్ప ఇంకెవరికీ ప్రవేశం లేదు. గదుల వరకు చూస్తే అంతకంటే తక్కువ అద్దెకి అంత మంచి గదులు సింగపూర్‌లో బోలెడు దొరుకుతాయి. కాబట్టి లెక్క గది మీద కాదు, పూల్‌తో గడిపే గంటల మీద వేసుకోవాలి.

ఆ గంటలు ఎన్నో చూడండి. చెక్-ఇన్ మధ్యాహ్నం 3కి, చెక్-అవుట్ ఉదయం 11కి. అంటే ఒక రాత్రికి ఇరవై గంటలు. విశాఖ, హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్లే విమానాలు ఎక్కువగా రాత్రి బయల్దేరి తెల్లవారుజామున దిగుతాయి. మన గడియారం కంటే అక్కడ రెండున్నర గంటలు ముందు కూడా. దిగిన రోజే ఈ హోటల్ బుక్ చేసుకుంటే జరిగేది ఒకటే: ఉదయం ఏడింటికి నిద్రకళ్లతో లాబీకి చేరతారు, సామాను క్లోక్‌రూమ్‌లో పెట్టించుకుంటారు, గది చేతికొచ్చేసరికి మూడో నాలుగో అవుతుంది, పెద్దవాళ్లు మంచం ఎక్కి పడుకుంటారు. లేచేసరికి చీకటి. అంత అద్దె నిద్రకి కట్టినట్టవుతుంది.

దానికి బదులు మొదటి రెండు రాత్రులు మనవాళ్ల దుకాణాలు, తిండి దొరికే లిటిల్ ఇండియా పేట చుట్టుపక్కల మామూలు హోటల్‌లో ఉండండి. మూడో రోజు పెద్ద సూట్‌కేసులు సర్ది, ఒక రాత్రికి కావాల్సిన చిన్న బ్యాగు వేరుగా పెట్టుకుని, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకల్లా శాండ్స్ లాబీలో ఉండండి. మూడింటికి క్యూ చాంతాడంత ఉంటుంది. ముందే వెళ్తే పాస్‌పోర్టులు, కార్డు పని అయిపోతుంది, గది సిద్ధమైతే కాస్త ముందే ఇచ్చే అవకాశం కూడా ఉంటుంది. సాయంత్రం పూల్, రాత్రి దీపాలు, మర్నాడు తెల్లవారుజామున మళ్లీ పూల్, పదిన్నరకి కిందికి. ఇరవై గంటలూ పనికొస్తాయి.

అద్దె విషయంలో చాలామంది పొరబడేది పన్నుల దగ్గర. వెబ్‌సైట్‌లో అంకె పక్కన రెండు ప్లస్ గుర్తులు కనిపిస్తే, దాని మీద 10 శాతం సర్వీస్ చార్జి, ఆ మొత్తం మీద 9 శాతం జీఎస్టీ పడతాయని అర్థం. 900 సింగపూర్ డాలర్లు అని చూపిస్తే ముందు 990 అవుతుంది, దాని మీద పన్నుతో కలిపి 1,079 దాటుతుంది. మీకు రెండు గదులు కావాలి కాబట్టి ఆ తేడా కూడా రెండింతలు. నలుగురు పెద్దవాళ్లని ఒక గదిలో సర్దేద్దామని చూడకండి. ఎంతమంది పేర్లు నమోదైతే అన్ని పూల్ కార్డులే ఇస్తారు, పేరు లేని మనిషి గేటు దగ్గరే ఆగిపోవాలి. సర్వీస్ చార్జి బిల్లులోనే ఉంది కాబట్టి అక్కడ టిప్పులు ఇచ్చే అలవాటు లేదు, మొహమాటపడొద్దు. ఆదివారం నుంచి గురువారం దాకా అద్దె తగ్గుతుంది. ఫార్ములా వన్ పందెం వారం, చైనీస్ కొత్త సంవత్సరం, ఆగస్టు 9 జాతీయ దినం, డిసెంబరు 31 దగ్గరలో పెట్టుకోకండి.

ఏ వైపు? ఈ టవర్లకి రెండే ముఖాలు. పడమర వైపు గదుల నుంచి మెరీనా బే నీళ్లు, అవతల ఆకాశహర్మ్యాలు కనిపిస్తాయి. తూర్పు వైపు గదుల నుంచి గార్డెన్స్ బై ద బే అనే పెద్ద తోట, దాని వెనక సముద్రం, లంగరు వేసిన ఓడల వరసలు కనిపిస్తాయి. రాత్రి దీపాలు ముఖ్యమైతే పడమర. అయితే ఒకటి: సింగపూర్‌లో ఏడాది పొడవునా సూర్యుడు ఏడు ప్రాంతంలోనే లేచి ఏడు ప్రాంతంలోనే దిగుతాడు. మధ్యాహ్నం మూడింటికి మీరు గదిలో అడుగుపెట్టే వేళకి పడమటి ఎండ సరిగ్గా ఆ అద్దం మీదే ఉంటుంది, ఆరు దాకా తెర వేసుకునే కూర్చోవాలి. అమ్మానాన్నలకి నేనైతే తూర్పు చెప్తాను. పెందరాళే లేచే అలవాటున్నవాళ్లకి సముద్రం మీద సూర్యోదయం మంచం మీంచే కనిపిస్తుంది. ఎత్తంటే బెరుకున్నవాళ్లకి కూడా కింద పచ్చదనం కనిపిస్తే కాస్త ధైర్యం. ఈ వైపు కొన్ని గదులకి బాల్కనీ ఉంటుంది. అమ్మగారికి భయమైతే బాల్కనీ లేనిది అడగండి.

అంతస్తు సంగతి. తూర్పున హోటల్‌కీ తోటకీ మధ్య నుంచి పెద్ద రోడ్డు పోతుంది, మరీ కింది అంతస్తుల్లో చూపు అక్కడే ఆగుతుంది. ఆ తోటలో చెట్ల ఆకారంలో కట్టిన సూపర్‌ట్రీలు 25 నుంచి 50 మీటర్ల ఎత్తు, కాబట్టి ఇరవై దాటాక వాటి తలలు మీ కిందికి వస్తాయి. పడమర వైపు మరీ కింద ఉంటే హోటల్‌కి ముందున్న షాపింగ్ మాల్ కప్పు అడ్డం వస్తుంది. ఇరవై దాటాక ఏ వైపైనా అడ్డు ఉండదు. నలభై, యాభైకి వెళ్లినకొద్దీ కింద మనుషులు, చెట్లు చుక్కలైపోతాయే తప్ప చూపులో పెరిగేదేమీ లేదు. పైగా ఎత్తు కావాల్సినప్పుడు 57వ అంతస్తు ఎలాగూ మీదే.

ఇక్కడ ఒక తేడా గమనించండి. గది రకం వేరు, కోరిక వేరు. ఏ వైపు చూసే గది అన్నది మీరు డబ్బు కట్టి కొన్న రకంలో రాసి ఉంటే అది ఇచ్చి తీరాలి. పై అంతస్తు, పక్కపక్క గదులు, లిఫ్ట్‌కి దగ్గర లాంటివి రిమార్కుల్లో రాస్తే అవి కోరికలే, ఖాళీ ఉంటే ఇస్తారు. మధ్యవర్తి సైట్లలో బుక్ చేస్తే మంచాల సంఖ్య కూడా కొన్నిసార్లు కోరిక కిందకే పోతుంది. హోటల్ సొంత సైట్‌లో బుక్ చేసి, మూడు రోజుల ముందు ఒక చిన్న ఈమెయిల్ పెట్టండి. అందులో మూడే ముక్కలు: వృద్ధులున్నారు, మోకాళ్ల నొప్పి కాబట్టి లిఫ్ట్‌కి దగ్గర గది కావాలి, మా రెండు గదులూ ఒకే అంతస్తులో ఉండాలి. మరీ లిఫ్ట్‌ని ఆనుకున్న గది వద్దు, గోడలోంచి చప్పుడు వినిపిస్తుంది. మూడు నాలుగు తలుపుల అవతలది బాగుంటుంది. రెండు గదులకీ మధ్య తలుపుండే కనెక్టింగ్ గదులు మీ ఇద్దరు జంటలకి దొరికితే మేలు. అపరిచితుల గదితో కలిసే తలుపైతే వద్దనండి, ఆ తలుపు సందులోంచి టీవీ మాటలు కూడా వినిపిస్తాయి.

మోకాళ్ల నొప్పికి లిఫ్ట్ సమస్య కాదు, నడక సమస్య. లాబీ, మాల్, మెట్రో, తోట అన్నీ కలిసే ఉన్నట్టు మ్యాప్‌లో కనిపిస్తాయి, కాళ్లతో కొలిస్తే చాలా దూరం. ఈమెయిల్‌లోనే వీల్‌చైర్ అడిగి పెట్టుకోండి. లిఫ్ట్ వేగంగా ఎక్కేటప్పుడు చెవులు దిబ్బడేస్తాయి, గుటక వేస్తే పోతుంది. జలుబు ఉన్నవాళ్లకి కాస్త నొప్పిగా ఉండొచ్చు, ఒక బిళ్ల చప్పరిస్తూ ఎక్కితే చాలు. ఊగుతుందేమో అని భయపడతారు కొందరు. ఎత్తైన భవనం ఏదైనా గాలికి కొద్దిగా కదులుతుంది. అందుకే పూల్ కింద కదలికని తట్టుకునే కీళ్లు పెట్టారు, మొత్తం 500 మిల్లీమీటర్ల దాకా సర్దుకునేలా. తుపానులు దాదాపు రాని ఊరు కాబట్టి గదిలో ఉన్నవాళ్లకి అదేమీ తెలీదు.

డిపాజిట్. అద్దె మొత్తం ముందే కట్టేసినా సరే, గదిలో వాడుకునే ఖర్చుల కోసం కార్డు మీద కొంత సొమ్ము హోల్డ్ పెడతారు, గదికింత, రాత్రికింత అని. అది ఎంతో అదే ఈమెయిల్‌లో అడిగి తెలుసుకోండి. క్రెడిట్ కార్డయితే మీ పరిమితిలో అంత భాగం కొన్నాళ్లు ఆగుతుంది, అంతే. డెబిట్ కార్డు ఇస్తే మీ ఖాతాలోని నిజమైన డబ్బు ఆగిపోతుంది. హోటల్ మర్నాడే విడిచిపెట్టినా మన బ్యాంకు ఖాతాలోకి చేరేసరికి రెండు మూడు వారాలు పట్టడం మామూలు. ప్రీపెయిడ్ ఫారెక్స్ కార్డుకి ఇంకా ఇబ్బంది, మిగతా ప్రయాణానికి దాచిన సొమ్మే ఇరుక్కుపోతుంది. మూడు జాగ్రత్తలు: ఒకటి, బ్యాంకు యాప్‌లో విదేశీ లావాదేవీలు ఆన్ చేసుకోండి, మన దేశంలో కొత్త కార్డులకి అవి మొదట ఆఫ్‌లోనే ఉంటాయి. రెండు, కార్డు మీద పేరు, అక్కడ నిలబడ్డ మనిషి పాస్‌పోర్టు పేరు ఒకటే ఉండాలి. అమెరికాలో ఉన్న అన్నయ్య తన కార్డుతో బుక్ చేసి పంపితే కౌంటర్‌లో ఆగిపోయే అవకాశం ఎక్కువ. మూడు, మెషీన్ రూపాయలా, సింగపూర్ డాలర్లా అని అడిగితే డాలర్లే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకం రేటు వాళ్లు వేసుకుంటారు, అది ఎప్పుడూ మీకు నష్టమే.

ఇక పూల్. మీరు కొన్నదే ఇది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఫోటోల్లో నీళ్లు నేరుగా ఊరి మీదికి జారిపోతున్నట్టు ఉంటుంది కదా, నిజానికి ఆ అంచు అవతల కొన్ని అడుగుల కిందే ఇంకో తొట్టి లాంటి కాలువ ఉంది. అంచు దాటిన నీళ్లు అందులో పడతాయి, పంపులు వాటిని మళ్లీ పైకి తోస్తాయి. అంచు పట్టుకుని తొంగి చూస్తే ఆ రెండో గోడ కనిపిస్తుంది. ఈ సంగతి అమ్మగారికి ముందే చెప్పండి, సగం భయం అక్కడే పోతుంది. నిలబడితే కాళ్లు అందే లోతే, ఈత రాకపోయినా అంచు దాకా నడుచుకుంటూ వెళ్లొచ్చు.

వేళ ముఖ్యం. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా అంచు పొడవునా ఫోన్లు పట్టుకున్న జనమే. ఉదయం ఆరింటికి తెరుస్తారు. ఆరింటికి ఇంకా చీకటే, ఊళ్లో దీపాలు వెలుగుతూనే ఉంటాయి, ఏడింటికి వెలుతురు వస్తుంది, ఆ గంటలో రాత్రీ పగలూ రెండూ చూసేస్తారు. ఎనిమిదిన్నరకి మళ్లీ జనం. గది ఏసీలోంచి ఒక్కసారిగా పైకి వెళ్లగానే ఆ ఉక్కకి ఫోన్ లెన్స్ మీద ఆవిరి పట్టి ఫోటోలన్నీ మసకగా వస్తాయి. తుడిస్తే మళ్లీ పడుతుంది. ఐదు నిమిషాలు ఫోన్‌ని బయటి గాలికి వదిలేయండి, అదే పోతుంది.

బట్టలు. చీర, చుడీదార్, కాటన్ టీషర్ట్, లుంగీ, బనీను – వీటితో నీళ్లలోకి దిగనివ్వరు. కాటన్ నూలు పోగులు ఊడి ఫిల్టర్లలో ఇరుక్కోవడం ఒక కారణం, తడిసి బరువెక్కిన బట్ట కాళ్లకి చుట్టుకోవడం ఇంకొకటి. ఒంటినిండా కప్పే పొడుగు చేతుల నైలాన్ స్విమ్ సూట్లు ఇక్కడే విశాఖలో కొనుక్కుని వెళ్లండి, వాటికి అభ్యంతరం ఉండదు. నీళ్లలోకి దిగకుండా గట్టు మీద కుర్చీలో కూర్చోడానికి ఏ బట్టలైనా ఫర్వాలేదు. ఉరుము, మెరుపు హెచ్చరిక వస్తే అందరినీ బయటికి పంపేస్తారు. సింగపూర్‌లో మధ్యాహ్నపు పిడుగుల వానలు మామూలు విషయం, ఏప్రిల్–మే, అక్టోబరు–నవంబరుల్లో మరీ ఎక్కువ. సాయంత్రం ఒక్కటే నమ్ముకోకుండా ఉదయం కూడా పెట్టుకోమనేది అందుకే.

గదిలో మనవాళ్లకి ఎదురయ్యే ఇబ్బందులు దాదాపు ఎప్పుడూ ఇవే. బాత్రూమ్‌లో నీళ్లు పోయే జాలీ షవర్ అద్దాల లోపలే ఉంటుంది, బయట నేల పొడిగా ఉండాల్సిందే. పెద్దవాళ్లు అలవాటుకొద్దీ అద్దాల బయట బకెట్ పెట్టుకుని పోసుకుంటే నీళ్లు గది కార్పెట్‌లోకి పాకుతాయి, కింది గది సీలింగులోకి కూడా దిగుతాయి, ఆ బిల్లు మీకు రాస్తారు. హౌస్‌కీపింగ్‌కి ఫోన్ చేసి బకెట్, మగ్గు, జారకుండా వేసే రబ్బరు మ్యాట్, ప్లాస్టిక్ స్టూలు అడగండి. అన్నీ షవర్ లోపలే పెట్టుకోండి.

అగరుబత్తి, కర్పూరం, దీపం వెలిగించొద్దు. పొగ పసిగట్టే పరికరానికి సిగరెట్టూ ఒకటే, సాంబ్రాణీ ఒకటే. అలారం మోగితే సెక్యూరిటీ పరిగెత్తుకొస్తారు, గది శుభ్రం చేసే చార్జి కూడా పడుతుంది. నాన్నగారి పూజకి బ్యాటరీ దీపం పట్టుకెళ్లండి.

ఫ్రిజ్ దగ్గర ఇంకో చిక్కు. ఇలాంటి హోటళ్లలో చాలాచోట్ల మినీబార్ అరల కింద సెన్సార్ ఉంటుంది. సీసా ఎత్తి కొన్ని సెకన్లు పక్కన పెడితే తాగేసినట్టే బిల్లులో పడుతుంది. ఇన్సులిన్ పెట్టడానికి చోటు చేద్దామని సీసాలు జరపకండి, మందుల కోసం వేరే చిన్న ఫ్రిజ్ అడిగితే ఇస్తారు. బాల్కనీ తలుపు తెరిచి ఉంచితే కొన్ని గదుల్లో ఏసీ తనంతట తానే ఆగిపోతుంది, పాడైందనుకుని కంగారు పడొద్దు. ప్లగ్గులు మూడు చదరపు పిన్నులవి, అడాప్టర్ ఒకటి ఉంచుకోండి.

మంటల భయం గురించి కూడా అడిగారు కాబట్టి: పై అంతస్తయినా ఇరవయ్యోదైనా బయటి నిచ్చెన మీద ఆశ పెట్టుకునే ఎత్తు కాదు. అవి ఎక్కడైనా కొన్ని పదుల మీటర్ల దాకానే. రక్షణ అంతా భవనం లోపలే ఉంటుంది: స్ప్రింక్లర్లు, పొగ చొరబడని మెట్లదారి. గదిలోకి వెళ్లగానే తలుపు వెనక మ్యాప్ చూసి, మెట్ల తలుపు దాకా నడిచి, మధ్యలో ఎన్ని తలుపులున్నాయో లెక్కపెట్టుకోండి. పొగలో కళ్లు కనపడవు, చేత్తో తలుపులు తడుముకుంటూ పోవాలి. అమ్మగారు మెట్లు దిగలేరు కాబట్టి చెక్-ఇన్‌లోనే ‘అత్యవసరమైతే సాయం కావాలి’ అని రాయించండి. అలాంటి అతిథుల గది నంబర్ల జాబితా హోటల్ దగ్గర ఉంటుంది, ముందు ఆ గదులకే మనుషుల్ని పంపుతారు. రాయించకపోతే వాళ్లకి తెలిసే దారి లేదు. అగ్నిమాపకం, అంబులెన్స్ రెండింటికీ నంబరు 995.

తిండికి పెద్దగా చింత అక్కర్లేదు. హోటల్ కిందే బేఫ్రంట్ మెట్రో స్టేషన్ ఉంది, డౌన్‌టౌన్ లైన్‌లో నాలుగో స్టేషన్ లిటిల్ ఇండియా, ఎక్కడా రైలు మారక్కర్లేదు. ఇడ్లీ, పెరుగన్నం అక్కడ సులువుగా దొరుకుతాయి. హోటల్‌లో బ్రేక్‌ఫాస్ట్ కలిపిన అద్దె తీసుకోవద్దు, ఆ ఉదయం మీరుండాల్సింది పూల్‌లో. ఇంటి నుంచి పట్టుకెళ్లే వాటిలో మాంసం పచ్చళ్లు, చూయింగ్ గమ్, గసగసాలు ఉండకూడదు. మసాలా పొడిలో కలిపి ఉన్నా సరే, గసగసాలు సింగపూర్‌లో నిషిద్ధం. నిద్రమాత్రలు, కోడీన్ ఉన్న దగ్గుమందు లాంటివి నాన్నగారు వాడుతుంటే ముందే అనుమతి తీసుకోవాలి.

రాత్రి ఖర్చు లేకుండా రెండు చూడొచ్చు. తోటలో సూపర్‌ట్రీల దీపాల ఆట 7:45కి, మళ్లీ 8:45కి. హోటల్ ముందు నీళ్ల మీద స్పెక్ట్రా అనే ఫౌంటెన్లు, దీపాల ప్రదర్శన 8కి, 9కి. మొదటిదానికి 7:45కి వెళ్లి, అక్కడి నుంచి తీరిగ్గా వీల్‌చైర్‌లో తీసుకొచ్చి, 9 గంటలది చూపించండి. రెండింటి మధ్యా పరుగు పెట్టించకండి.

వెళ్లే రోజు పది, పదకొండు మధ్య లిఫ్టులు నిండిపోతాయి, పదిలోపు సామాను కిందికి పంపేయండి. విమానం రాత్రికైతే లేట్ చెక్-అవుట్ ఎంతకి ఇస్తారో, చెక్-అవుట్ తర్వాత కూడా పూల్‌కి వెళ్లనిస్తారో లేదో ముందు రోజు సాయంత్రమే అడగండి. టీవీ తెర మీద బిల్లు కనిపిస్తుంది, రాత్రే ఒకసారి చూసుకోండి. తాగని మినీబార్ సీసా ఏదైనా పడి ఉంటే ఆ రాత్రి ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో తీసేస్తారు. ఊరికి వెళ్లాక ఈమెయిళ్ల మీద తేల్చుకోవాలంటే వారాలు పడుతుంది. నలుగురికి, సూట్‌కేసులకి మామూలు టాక్సీ చాలదు, ఆరు సీట్ల మ్యాక్సీ క్యాబ్ చెప్పండి. అర్ధరాత్రి నుంచి ఆరు దాకా మీటరు మీద సగం అదనంగా పడుతుంది కాబట్టి రాత్రి విమానమైతే పన్నెండులోపే బయల్దేరండి.